మూడో కూత దాటాక

నీళ్ళకని వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. గుడారం ముందు కూర్చుని చూస్తే నా చెప్పులు కనిపిస్తున్నాయి, చెప్పుల అవతల కాస్త గడ్డి కనిపిస్తోంది, గడ్డి అవతల ప్రపంచం లేదు. ఇందాకటిదాకా ఉండేది. ఒక కొండ, కొండ మెడలో తువ్వాలులా తెల్లటి మబ్బు, కింద నల్లటి సరస్సు, దాని ఒడ్డున ఒక్క కారు మాత్రమే పట్టే రోడ్డు, అన్నీ పెట్టినచోట పెట్టినట్టే ఉండేవి. ఆయన ప్లాస్టిక్ నీళ్ళడబ్బా ఊపుకుంటూ కొండవైపు వెళ్ళిన కాసేపటికి ఆ మెడలో తువ్వాలు కిందికి జారింది, చూస్తుండగానే కొండ లేదు, సరస్సు లేదు, రోడ్డు లేదు, మా కారు పక్కనే ఉన్న పాపానికి సగం మిగిలింది. స్కాట్లండ్ ఉత్తరపు కొసన, మనుషులకంటే గొర్రెలు, గొర్రెలకంటే రాళ్ళు ఎక్కువగా ఉండే ఈ చోట, పొద్దున్నే కాఫీ తాగి గిన్నె కడుక్కోవలసిన వేళకి, నేనూ ఒక పొగమంచూ మిగిలాం. రాత్రి ట్రాన్సిస్టర్‌లో చెప్పారు, ముగ్గురు మనుషులు చంద్రుడి దగ్గర దాకా వెళ్ళిపోయారట, రేపో ఎల్లుండో దిగి నడుస్తారట, వాళ్ళు ఏ క్షణాన ఎక్కడున్నారో కింద వాళ్ళకి తెలుస్తూనే ఉందట. మా ఆయన కూతవేటు దూరం వెళ్ళారు, ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు.

నీళ్ళు మాకు పక్కనే ఉన్నాయి, అదీ నా బాధ. గుడారం వెనకాలే ఒక వాగు, గలగలమంటూ పిలిచి మరీ ఇస్తోంది, కాకపోతే రంగు మాత్రం రెండో డికాక్షన్. ఈ నేలంతా యుగాల తరబడి నానిన నాచు, దాన్నే ఇటుకల్లా కోసి ఎండబెట్టి ఇక్కడివాళ్ళు పొయ్యిలో కాల్చుకుంటారు, నీళ్ళు అందులోంచి ఊరి వస్తాయి కాబట్టి ఆ రంగు, తాగితే ఏమీ కాదు, మా నాయనమ్మ ఇవే తాగి ముగ్గురు డాక్టర్లని సాగనంపింది అని మిసెస్ మెకాయ్ చెప్పింది. ఆవిడ ఈ కొండ మలుపు అవతల రాతి ఇంట్లో ఉండే ముసలావిడ, నిన్న మాకు గుడ్లు అమ్మింది. ఆయన విన్నారు, కాని తనూ డాక్టరే కదా, వినడం వేరు నమ్మడం వేరు. పైన ఎక్కడో చచ్చిన గొర్రె ఉంటుంది, పైకెళ్తే తెల్లటి నీళ్ళు దొరుకుతాయి, ఏ నీళ్ళైనా పుట్టినచోట తెల్లగానే ఉంటాయి అని తేల్చారు. రాజమండ్రిలో వరదగోదారి నీళ్ళు, చెయ్యి ముంచితే వేళ్ళు కనపడని నీళ్ళు, ఇండుపగింజ అరగదీసి తేర్చుకుని తాగి పెరిగిన మనిషి. ఆరేళ్ళు మేముండే స్టీవెనేజ్ ఊళ్ళో కుళాయి నీళ్ళు తాగేసరికి గోదారి పరాయిదైపోయింది. ఇండుపగింజలు నాలుగు తెచ్చుకుని ఉంటే ఈ గొడవే లేదు, తెచ్చేదాన్నే, ఓడెక్కే రోజు పెట్టెలో ఆవకాయ జాడీ పోగా మిగిలిన చోటులో ఆయన మెడికల్ పుస్తకాలు పెట్టారు. ఆ పుస్తకాల్లో నీళ్ళు తేర్చడం గురించి ఏమీ లేదని ఇప్పుడు తేలింది.

మిసెస్ మెకాయ్ ఇంకో మాట కూడా చెప్పింది, అది జోరీగలా నా చెవి చుట్టూ తిరుగుతోంది. మంచు దిగితే ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చోవాలమ్మాయ్, కూర్చున్నవాళ్ళు ఇంటికొస్తారు, నడిచినవాళ్ళే పోతారు, సరస్సు పక్కన నేల పైకి పచ్చటి తివాచీలా ఉంటుంది, దానికి అడుగు లేదు, మా ఫ్లోరా అందులోకే పోయింది, అంది. ఫ్లోరా ఆవు. ఆ ఆవుని తలుచుకుని ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు మా ఆయన ఇంకో ఆవుని, కళ్ళమీదికి జుట్టు పడే ఎర్ర ఆవుని, ఫోటో తీయడానికి మోకాళ్ళ మీద ఉన్నారు. విన్నారా అని అడిగితే ఆ, విన్నాను, కాస్త పక్కకి జరుగు, నీ నీడ ఆవుమీద పడుతోంది అన్నారు. విన్నా లాభం లేదు, ఆయన కూర్చునే మనిషి కాదు. బస్సు ఆలస్యమైతే స్టాపులో నిలబడకుండా తరవాతి స్టాపుకి నడుస్తారు, రెండు స్టాపుల మధ్యలో ఉండగా బస్సు పక్కనుంచి వెళ్ళిపోతుంది, మళ్ళీ అదే చేస్తారు. ఇప్పుడూ నడుస్తూనే ఉంటారు. ఏ వైపుకి అన్నదొక్కటే నాకు తెలియాల్సింది, కొండవైపుకైతే ఫరవాలేదు, సరస్సు వైపుకి తిరగకుండా ఉంటే చాలు.

వెతుక్కుంటూ వెళ్ళకూడదు, అది ఖాయం. కాకినాడ కాలేజీలో బి.ఏ.కి తర్కశాస్త్రం చదివాను, అది ఇన్నాళ్ళూ చాకలి పద్దుకి కూడా పనికిరాలేదు గానీ ఇవాళ పనికొచ్చింది. ఒకరు తప్పిపోతే ఒకరు తప్పిపోయినట్టు, ఇద్దరూ తప్పిపోతే ఎవరూ తప్పిపోనట్టు, ఎందుకంటే చెప్పేవాళ్ళుండరు. కారు హారన్ మోగిద్దామంటే తాళంచెవి తిప్పందే అది మోగదు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఇక్కడ కూడా కారుకి తాళం వేస్తారు. మొన్న అడిగాను, ఎవరెత్తుకుపోతారండీ, గొర్రెలా అని. తాళం వేయడం దొంగల కోసం కాదు, అలవాటు కోసం అన్నారు. స్టీలు పళ్ళెం తీసుకుని గరిటెతో వాయించాను. ఆ చప్పుడు నా ఒళ్ళోనే కూలబడింది, మంచు దూదిపరుపులా దాన్ని మింగేసింది, పైగా రెండు గొర్రెలు పంక్తి లేచిందో కూర్చుందో చూద్దామని వచ్చి మొహాలు చూపించి వెళ్ళాయి.

ఇక మిగిలింది గొంతు. లేచి నిలబడి ఏమండీ అన్నాను. ఇంకాస్త గట్టిగా ఏమండీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. అది నాలుగు గోడల మధ్య వాడుకోవడానికి చేసిన మాట, వంటింట్లోంచి ముందుగదికి సరిపోతుంది, మహా అయితే మేడ మెట్లు ఎక్కుతుంది, కొండలెక్కదు. దానికి చిరునామా కూడా లేదు, బజార్లో ఏమండీ అంటే పదిమంది మగాళ్ళు తిరిగి చూస్తారు, ఇక్కడ ఒక పొట్టేలు తిరిగి చూసింది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన పేరు నా నోటివెంట రాలేదు. దాన్ని భక్తి అనుకుంటే నన్ను మెచ్చుకున్నట్టే. మా అమ్మమ్మదైతే భక్తే, తాతగారి పేరు రామదాసు కాబట్టి శ్రీరామనవమిని పానకాల పండగ అనేది, రాముణ్ణి సీతమ్మ పెనిమిటి అనేది, రామచిలకని పచ్చపిట్ట అనేది, తోటలో సీతాఫలం, దాని పక్కనే రెండోఫలం ఉండేవి. మొగుడి పేరు పలికితే ఆయువు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు, సిగ్గు కూడా లేదు, ఉన్నదేమిటంటే, వాడని గది తలుపు బిగుసుకుపోయినట్టు, మొదట్లో ఎప్పుడో పలకలేదు, తరవాత పలకాలంటే ఒక కారణం కావలసి వచ్చింది, కారణం రాలేదు. సర్జరీలో, అంటే మా వీధి డాక్టరు దగ్గర, రిసెప్షన్ పిల్ల భర్త పేరేమిటని అడిగితే సంచీలోంచి గ్యాస్ బిల్లు తీసి చూపించాను. నాకు ఇంగ్లీషు రాదనుకుని పాపం ఆ పిల్ల ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా, మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ బిల్లు చూపించాను.

వెంబ్లీలో వాసంతి ఉంది, నాతో కాలేజీలో చదివింది, ఈ వారం మా అమ్మాయి ఉషని అదే చూసుకుంటోంది. అది మొగుణ్ణి మూర్తీ అని పిలుస్తుంది, మూర్తీ, టీ పెడతావా అంటుంది, మూర్తి పెడతాడు కూడా. ఆమధ్య కాపురం చూద్దామని వచ్చిన అత్తగారు వంటింట్లోంచి ఆ కేక విని, పనివాడికి మా వాడి పేరే దొరికిందా అందిట. వాసంతి నాకు చాలాసార్లు పాఠం చెప్పింది, ఏముందే, గుళ్ళో దేవుడి పేర్లు వెయ్యి చదువుతావు, ఇంట్లో ఒక్క పేరు చదవలేవా అని. దేవుడు వెనక్కి తిరిగి ఏమిటీ అనడు కదా అన్నాను. మా ఉషకి ఐదేళ్ళు, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే, అది బళ్ళో నాన్న పేరు అడిగితే ఠక్కున ఏమండీ అని చెప్పి వచ్చింది. ఆ సంగతి మాకు బడివాళ్ళు తల్లిదండ్రులని పిలిచిన సాయంత్రం దాకా తెలియదు, తెల్లజుట్టు టీచరు ఎదురొచ్చి చెయ్యి చాపి గుడ్ ఈవినింగ్ మిస్టర్ ఏమండీ అంది. ఆయన దిద్దలేదు. చెయ్యి కలిపి గుడ్ ఈవినింగ్ అన్నారు. ఇంటిదాకా బస్సులో నావైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి, కోపమో నవ్వో ఆ రోజు నేను తేల్చుకోలేకపోయాను.

ఇలా కూర్చుంటే అవదు. కుక్కర్ ఉంది. ఆ మాట తట్టగానే నన్ను నేను తిట్టుకున్నాను, ఇంతసేపూ పళ్ళేలూ గరిటెలూ ఎందుకని. ఈ కుక్కర్ మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది, గుడారం కంటే బరువుంది, క్యాంపింగ్‌కి కుక్కర్ తెచ్చుకునే ఆడదాన్ని ఈ రాజ్యంలో ఎవరూ చూసుండరు అన్నారు, బ్రెడ్డూ డబ్బాలో బీన్సూ చాలన్నారు. సరే, మీకు చాలు, నాకు పప్పు కావాలి అని డిక్కీలో గుడారం కిందే పెట్టాను. ఓడలో నాతో వచ్చిన కుక్కర్ అది. ఈ దేశంలో దొరికేవి బుసకొడతాయి గానీ కూయవు, ఇది కూస్తే స్టీవెనేజ్‌లో మా కింది ఫ్లాట్‌లో ఉండే మిసెస్ పాటర్, యుద్ధకాలం మనిషి, మొదటిసారి మెట్లకింద దూరి కూర్చుందట, తరవాత పైకొచ్చి ఇక బయటికి రావచ్చా అని మర్యాదగా అడిగింది. ఇప్పుడు మా పప్పు కూతకి తన టీ నీళ్ళు పెట్టుకుంటుంది. అంతా ఒక ఎత్తు, మా ఆయన ఒక ఎత్తు. ఆయనది ఆసుపత్రిలో మత్తు ఇచ్చే పని, రోజంతా జనాన్ని పడుకోబెట్టి అంకెలు లెక్కపెట్టిస్తారు, ఇంటికొచ్చి కుక్కర్ కూతలు లెక్కపెడతారు. పప్పుకి మూడు. ముందుగదిలో పేపరు చదువుతున్నా, స్నానాల గదిలో గడ్డం గీసుకుంటున్నా, మూడు దాటి నాలుగోది వచ్చిందంటే ఎక్కడున్నవాళ్ళు అక్కడినుంచి లేచొచ్చి స్టవ్ ఆపేస్తారు, నన్నొక మాట అనరు, ఆపేసి వెళ్ళిపోతారు. ఒకసారి మొహం నిండా సబ్బునురగతో వచ్చారు. మా కాపురంలో ఎన్నడూ తప్పనిది అదొక్కటే. నేను పిలిస్తే ఆయన ఒక్కోసారి రారు. నాలుగో కూత పిలిస్తే వచ్చి తీరతారు.

వాగు నీళ్ళు ఆయన వద్దన్నారు కదా అనుకుని, ఫ్లాస్కులో ఆయన టీకని ఉంచిన వేడినీళ్ళు ఉన్నాయని గుర్తొచ్చి అవి కుక్కర్‌లో పోశాను. ఉత్తనీళ్ళు పెట్టినా కూస్తుంది, తెలుసు, కాని ఉత్తనీళ్ళు పొయ్యిమీద పెట్టడానికి చేతులు రాలేదు, గుప్పెడు కందిపప్పు వేశాను, ఇల్లాలి బుద్ధి, మొగుడు తప్పిపోయినా కిరసనాయిలు దండగ కాకూడదు. కారు చాటున పంపు స్టవ్ పెట్టి స్పిరిట్ పోసి వెలిగించాను, పంపు కావలసినదానికంటే ఎక్కువే కొట్టాను, చలికి అని చెప్పుకున్నాను, జూలై నెల కదా, ఇక్కడ జూలై అంటే మనకి పుష్యమాసం, అబద్ధం కాదు. మంట నీలంగా నిలబడింది. ఇక కూర్చోవాలి. కుక్కర్ దగ్గర కూర్చోవడం నాకు వచ్చిన విద్యే, ప్రపంచంలో ఆడవాళ్ళు సగం తత్వం అక్కడే నేర్చుకుని ఉంటారు, రాయడానికి తీరిక లేక ఊరుకున్నారు. మొదటి కూత వచ్చింది. ఆ కూత మంచుని సూదిలా చీల్చుకుంటూ వెళ్ళింది, వెళ్ళడం నాకు వినపడింది, ఎక్కడో కొండకి తగిలి వెనక్కి రావడం కూడా వినపడింది, గొర్రెలు మూకుమ్మడిగా పరిగెత్తాయి. ఒకటి, అని పైకే అన్నాను.

ఈ గుడారం మాకు ఆసుపత్రి నోటీసుబోర్డు మీద దొరికింది, ఎక్స్-రే డిపార్ట్‌మెంట్ అతను పిల్లలు పెద్దవాళ్ళయ్యారని అమ్మేశాడు, దానితోపాటు ఎలా వేయాలో చెప్పే కాగితం ఇవ్వలేదు. మొదటి సాయంత్రం ఆ కర్రలూ తాళ్ళూ పరిచి ఆయన చుట్టూ తిరిగారు, ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్ రాకముందు తిరిగినట్టు, చివరికి నేనే, దోమతెర కట్టడం తెలిసినదాన్ని కాబట్టి, నాలుగు మూలలూ లాగి కట్టాను, గుడారం కాస్త దోమతెరలాగే ఉంది, కాని నిలబడింది. ఇక్కడ దోమలు లేవు, దోమల మనవలున్నాయి, పొడి చల్లినట్టు ఉంటాయి, కుట్టేది మాత్రం తాతల్లాగే, కొబ్బరినూనె రాసుకుంటే అవి అంటుకుపోయి ఇద్దరం నువ్వులుండల్లా తయారయ్యాం. ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళి దారివ్వాల్సిన రోడ్లు, ప్రతిసారీ మా ఆయనే వెనక్కి వెళ్ళేవారు, అవతలివాడు చెయ్యి ఊపితే ఈయనా ఊపేవారు, రెండోరోజుకి ఆ ఊపడం ఎంత నచ్చిందంటే ఖాళీ రోడ్డు మీద కూడా ఎవరైనా వస్తే బాగుండునని చూసేవారు. కిందటివారం దాకా ఈ మనిషి నాకు డ్యూటీ రోటా రూపంలో తెలుసు, ఏ రాత్రి ఉంటారు, ఏ రాత్రి ఉండరు, ఏ ఆదివారం నిద్రపోతారు. ఇక్కడికొచ్చాక ఈయన కూనిరాగం తీస్తారని తెలిసింది. రెండోది వచ్చింది, వెళ్ళు, ఆయన చెవి ఎక్కడుందో వెతుక్కో.

మొన్న గిన్నెలు తోమారు. చుట్టూ కనుచూపు మేర ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, తోమారు, మసిగిన్నె మీద ఇసుకేసి రుద్దుతుంటే ఆ వీపు చూస్తూ నేను రాతిమీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను, పది గంటలైనా పొద్దు కుంకలేదు, పుస్తకం చదువుకునేంత వెలుతురు, చదవలేదు, ఆ దృశ్యం మళ్ళీ దొరకదని. నిన్న టైరు మారుస్తూ, నట్టు బిగిస్తూ, తల ఎత్తకుండా, అవునూ, ఆ తర్కంలో మీకేం చెప్పేవాళ్ళు అని అడిగారు. ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆయన కూడా. రోడ్డు పక్క గడ్డిలో కూర్చుని చెప్పాను, మనుషులందరూ మరణించువారు అని మొదలుపెట్టి ఎలా మెట్టు మెట్టుగా దిగుతారో చెప్పాను, నాకు వచ్చింది వచ్చినట్టు, అక్కడక్కడ కల్పించి. నట్లు బిగించడం అయిపోయినా ఆయన లేవలేదు, స్పానర్ పట్టుకుని వింటూనే ఉన్నారు, అయితే మొదటి వాక్యం తప్పైతే మొత్తం తప్పేనా అన్నారు. అంతే అన్నాను. అలాగైతే మా ఆసుపత్రి నడవదు అన్నారు. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టైరు సామాను సర్దాను. మూడోది. ఇంట్లో అయితే ఇక్కడ ఆపాలి, నా చెయ్యి దానంతటదే మరమీదికి వెళ్ళింది, వెనక్కి లాక్కున్నాను. ఇప్పుడు కదా అసలు కథ, రండి, మూడు దాటబోతోంది, నీళ్ళు తక్కువ పోశాను, పప్పు అడుగంటుతుంది, ఈ ఘోరం చూస్తూ ఎలా ఊరుకుంటారు. నాలుగోది వచ్చింది. మంచులోకి చూశాను, ఎవరూ రాలేదు. ఆ తరవాతది సన్నగా, బొంగురుగా వచ్చింది. మాడు వాసన మొదలైంది. ఇంకాస్త ఉంచితే వాల్వు ఎగిరి మా పప్పు స్కాట్లండ్ నెత్తిన పడుతుంది, దించక తప్పలేదు.

దించాక వచ్చిన నిశ్శబ్దం నాకు నచ్చలేదు. ఇంతసేపూ ఏదో చేస్తున్నాననే ధైర్యం కాస్తా ఆవిరితోపాటు పోయింది, ఇప్పుడు సరస్సు చప్పుడు వినిపిస్తోంది, ఒడ్డుని నాకుతున్నట్టు, ఇందాక వినిపించలేదే, అది ఇంత దగ్గరా. ఫ్లోరా ఎంతసేపు అరిచి ఉంటుంది. ఆవిడ ఆ ఆవుని పేరు పెట్టే పిలుచుకుని ఉంటుంది, రాత్రంతా పిలుచుకుని ఉంటుంది, ఆవుకి ఉన్న భాగ్యం. ఎందుకో ఆయన ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది, ఆపరేషన్ అయ్యాక మనుషుల్ని ఎలా లేపుతారండీ అని అడిగాను, ఏ మందో మాకో ఉంటుందనుకున్నాను. మందు సంగతి మందు చూసుకుంటుంది, మేం పేరు పెట్టి పిలుస్తాం అన్నారు, ఊరికే లే లే అంటే ఎవరూ లేవరు, చెయ్యి గిల్లినా లేవరు, పేరు పిలిస్తే ఎంత లోతునున్నా కనురెప్ప కదులుతుంది, నేను చూశాను, అన్నారు. చెప్పి మళ్ళీ పేపరులో పడ్డారు. నేను కూర్చుని మెట్టు మెట్టుగా దిగాను. మొగుడి పేరు పలికితే ఆయువు తగ్గును. పలకకపోతే మొగుడు నీళ్ళవైపు నడుచును. నీళ్ళవైపు నడిచినవాడికి ఆయువు తగ్గడానికి పెద్దగా మిగలదు. అమ్మమ్మా, మొదటి వాక్యం తప్పమ్మా.

నిలబడ్డాను. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను, నిజం, అంత మంచులో. పురుషోత్తంగారూ, అన్నాను. గారు తగిలిస్తే దోషం సగమైనా తగ్గుతుందని. అది ఎవరో సానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచినట్టు ఉంది. ఊపిరి పీల్చుకుని గారు తీసేశాను. పురుషోత్తం. గొంతు చిట్లింది. పురుషోత్తం. ఈసారి అది నా గొంతు కాదు, ఎక్కడో పొట్ట అడుగునుంచి, ఎనిమిదేళ్ళ అడుగునుంచి వచ్చింది, ఒక్కొక్క అక్షరం సాగదీసి, ఒక్కటీ మింగకుండా, పు-రు-షో-త్తం. ఆసుపత్రిలో ఆయన్ని అందరూ డాక్టర్ పురు అంటారు, మిగతాది వాళ్ళకి నోరు తిరగదు. ఎంత పెద్ద పేరు, చివర మూసుకున్న పెదవుల్లో అది ఇంకా మోగుతోంది, ఇంత పేరుని ఇన్నాళ్ళూ గ్యాస్ బిల్లు మీద ఉంచానా. మళ్ళీ పిలిచాను, మళ్ళీ, ఊపిరి అందేదాకా ఆగి మళ్ళీ, సిగ్గు ఎప్పుడు పోయిందో తెలియదు, మధ్యలో ఒకసారి ఏడుపు కూడా వచ్చినట్టుంది, ఎవరూ చూడలేదు కాబట్టి లెక్కలోకి రాదు. తరవాత గొంతు పోయింది. కూర్చున్నాను.

మొదట వినిపించింది డబ్బాలో నీళ్ళు కదులుతున్న చప్పుడు. తరవాత ఎర్రటి ఊలుటోపీ కనిపించింది, నేను అల్లిందే, ఆసుపత్రివాళ్ళు నవ్వుతారని స్టీవెనేజ్‌లో పెట్టుకోనిది. దాని కింద ఆయన మొలిచారు, ఒక కాలు మోకాలిదాకా నల్లటి బురద. సరస్సు వైపునుంచి వచ్చారు. ఆయన నన్ను చూశారు, కుక్కర్‌ని చూశారు, డబ్బా కింద పెట్టారు, తిన్నగా వెళ్ళి అప్పటికే ఆర్పేసిన స్టవ్ మర గట్టిగా ఇంకోసారి బిగించారు.

"మూడు దాటింది" అన్నారు.

"దాటింది."

"వింటూనే ఉన్నాను. అన్ని కొండల్లోంచీ ఒకేసారి వస్తోంది, ఎటు తిరిగితే అటు కుక్కరే. నాలుగు కుక్కర్లు పెట్టావా ఏమిటి?"

ఆయన డబ్బాలో నీళ్ళు వాగులో నీళ్ళ రంగే. ఆ సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు, కొన్ని విషయాలు అలా ఒప్పందం మీద నడుస్తాయి. కొండ పైనెక్కడా తెల్లటి నీళ్ళు పుట్టడం లేదన్నమాట. బూటు విప్పి నీళ్ళు వంచారు. మేజోడు పిండారు. ఒక కాలు దిగబడిందనీ, రెండోది వేయబోతూ ఆగాననీ, అక్కడినుంచి వెనక్కి తిరిగాననీ మేజోడుతో చెప్పినట్టు చెప్పారు. తువ్వాలు ఇచ్చాను. తువ్వాలుతోపాటు నా చెయ్యి కూడా పట్టుకుని కాసేపు వదల్లేదు.

"ఎందుకాగారు?" అన్నాను, వచ్చినంత గొంతుతో.

"ఎవరో పిలిచారు. నన్నే. పేరు పెట్టి."

నేను కుక్కర్ మూత తీయడంలో పడ్డాను. పప్పు అడుగున నల్లగా, పైన పచ్చగా ఉంది.

"పూర్తి పేరు" అన్నారు. "ఒక్క అక్షరం కూడా తినకుండా. మా అమ్మ పోయాక ఎవరూ అలా పిలవలేదు. ఈ దేశంలో అసలే లేదు. కుక్కర్ నాలుగు దిక్కులా కూసింది గానీ అది మాత్రం ఒక్క దిక్కునుంచే వచ్చింది. వీపు వెనకనుంచి. తిరిగి వచ్చేశాను."

"గొర్రెలై ఉంటాయి."

"షకి ఓత్వం పెట్టి మరీ అరిచింది."

"చదువుకున్న గొర్రె అయ్యుంటుంది."

ఆయన బూటులోకి చూస్తూ ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి, ఆనాటి బస్సులోలాగే. అప్పుడు తేల్చుకోలేకపోయింది ఇవాళ తేలిపోయింది. పైపైన ఉన్న పప్పు తీసి ఉప్పూ కారం ఆవకాయ వేసి బ్రెడ్డుతో పెట్టాను, ఆ గోధుమరంగు నీళ్ళే కాచి తాగాం, కాస్త పొగవాసన, కాస్త మట్టివాసన, బాగున్నాయి. మాడినా ఇద్దరం గిన్నె తుడిచి తిన్నాం. ఆ గొర్రె మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తుందంటావా అని అడిగారు, బ్రెడ్డు అంచు నములుతూ, ఎటో చూస్తూ. తమరు దారి తప్పితే పిలుస్తుందేమో, ఊరికే పిలవడానికి దానికి పనీపాటా లేదా అన్నాను.

తిని చేతులు కడుక్కునేసరికి మంచు ఎలా వచ్చిందో అలా లేచిపోయింది, కొండ వచ్చింది, సరస్సు వచ్చింది, దాని పక్కన పచ్చటి తివాచీ కూడా వచ్చింది, ఎండకి మెరుస్తూ, అమాయకంగా, దానివైపు ఇద్దరం ఒకసారి చూసి ఊరుకున్నాం. గుడారం విప్పాలి, మధ్యాహ్నానికి బయల్దేరాలి. నేను తాళ్ళు విప్పుతుంటే ఆయన డబ్బాలో మిగిలిన నీళ్ళు గడ్డిమీద వంపేసి, ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డారు. ఎక్కడికండీ, వాగు పక్కనే ఉంది కదా అన్నాను. ఆ బండ దాకా వెళ్ళొస్తాను అన్నారు. బండ దగ్గర నీళ్ళెక్కడివి అని అడగబోయి ఊరుకున్నాను. వెళ్ళారు. పిలిస్తే పలికేంత దూరంలో ఒక్క బండ, దాని వెనక్కి వెళ్ళి ఇక రాలేదు. ఎండ ఫెళ్ళున కాస్తోంది, కనుచూపు మేర అంతా కనిపిస్తోంది, బండ పైన ఎర్రటి ఊలుటోపీ కుచ్చుతో సహా కనిపిస్తోంది, కదలడం లేదు. మనిషి కూర్చున్నారు. బస్సు కోసం కూడా కూర్చోని మనిషి.

తాళ్ళు కింద పెట్టాను. చుట్టూ చూశాను. గొర్రెలు తప్ప ఎవరూ లేరు. గొంతు సవరించుకున్నాను.